మహమ్మారి తర్వాత నివాసం: నగరమా, చిన్న పట్టణమా, పల్లెటూరా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీరిద్దరూ నలభై దాటినవారు, ఇద్దరూ ఉద్యోగులు. కోవిడ్ కాలంలో మొదలైన ఇంటి నుంచి పని ఇప్పటికీ కొనసాగుతోంది గానీ, వారానికి రెండు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నారు. పన్నెండేళ్ళ అమ్మాయి, గుండెజబ్బు ఉన్న డెబ్బై రెండేళ్ళ అమ్మగారు మీతోనే ఉంటున్నారు. లాక్‌డౌన్‌లో మహానగరపు ఫ్లాట్‌లో నాలుగు గోడల మధ్య గడిపిన నెలలను మీరు మరిచిపోలేకపోతున్నారు. అందుకని ఫ్లాట్ అమ్మేసి పల్లెలో ఇల్లు కొనుక్కోవాలా, చిన్న పట్టణానికి మారాలా, ఉన్నచోటే ఉండిపోవాలా అని అడిగారు. నేను ఇరవై ఆరేళ్ళుగా పట్టణ ప్రణాళిక పనిలో ఉన్నాను, ఈ మూడు రకాల చోట్లా కాపురం చేశాను. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందుగా మహమ్మారి జ్ఞాపకాన్ని ఈ లెక్కలోంచి చాలావరకు తీసేయమని నా సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది 2020 మార్చి 11న. అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించినది 2023 మే 5న. మీరు కొనబోయే ఇంట్లో బహుశా ఇరవై ఏళ్ళు ఉంటారు. పైగా ఆ మూడేళ్ళలో ఏ ఊరూ తన మామూలు ముఖంతో లేదు. నగరంలో జనం దేనికోసం ఇరుకును భరిస్తారో ఆ రైళ్ళు, గ్రంథాలయాలు, కొలువులు, కూడళ్ళు అన్నీ మూతపడి, అద్దె ఒక్కటే మిగిలింది. పల్లెకు ఆఫీసు దూరమన్న లోపం ఆ కొన్నాళ్ళు మాయమై, ఆరుబయట నడిచే వీలు మాత్రం బంగారంలా కనిపించింది. ఆ రోజులను చూసి శాశ్వత నివాసం నిర్ణయించుకోవడం వరద నాడు నది వెడల్పు కొలిచి వంతెన కట్టడం లాంటిది.

పల్లెకు జబ్బు రాదన్న నమ్మకానికి చరిత్రలో ఆధారం తక్కువ. ఇంగ్లండులోని ఈమ్ అనే పల్లెకు 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ప్లేగు చేరిందని చెబుతారు; ఊరివాళ్ళు తమంతట తామే హద్దు గీసుకుని లోపల ఉండిపోయి చుట్టుపక్కల ఊళ్ళను కాపాడారు గానీ, వాళ్ళలో సుమారు 260 మంది చనిపోయారు. 1918 ఇన్‌ఫ్లుయెంజా అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే సముద్రతీరపు కుగ్రామానికి చేరినప్పుడు అక్కడి 80 మంది పెద్దల్లో 72 మంది కొద్ది రోజుల్లోనే పోయారు. అదే ఏడాది నవంబరులో ఆక్లాండ్ నుంచి వచ్చిన టలూన్ అనే ఓడ పశ్చిమ సమోవాకు ఆ జ్వరాన్ని తెచ్చింది, ఆ దీవుల జనాభాలో అయిదో వంతుకు పైగా చనిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నరు జాన్ పోయర్ వచ్చే ఓడలను కట్టుదిట్టంగా క్వారంటైన్ చేయించాడు, అక్కడ ఆ జబ్బుతో ఒక్కరూ పోలేదు. రెండూ మహాసముద్రం నడుమ ఉన్న దీవులే. ఒకచోట రేవును సమయానికి మూశారు, రెండోచోట తెరిచి ఉంచారు.

నగరం జబ్బుల పుట్ట అన్న పేరు కూడా ఎప్పుడో వచ్చి ఇంకా వదలనిది. 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలు జరిగిన ఇళ్ళను పటం మీద గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక నీటి పంపు చుట్టూ అవి గుమిగూడి ఉన్నాయని చూపాడు. తర్వాత జోసెఫ్ బాజల్జెట్ నగరమంతటా భూగర్భ మురుగు కాలువలు కట్టించాడు. 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు అది విజృంభించింది ఆ కాలువల పని ఇంకా పూర్తికాని తూర్పు భాగంలోనే. ఈలోగా జనం తగ్గలేదు, పెరిగారు కూడా; మారింది వాళ్ళు తాగే నీరు. మన కాలంలో హాంకాంగ్‌ను చూడండి. అంత కిక్కిరిసిన నగరం 2020, 2021లలో కోవిడ్ మరణాలను చాలా తక్కువకు పరిమితం చేసింది, 2022 తొలి నెలల్లో ఒమిక్రాన్ వచ్చేసరికి టీకా వేసుకోని వృద్ధులు ఎక్కువమంది ఉండడంతో తీవ్రంగా నష్టపోయింది. ఊరు అదే, కిక్కిరింపు అదే. మీ ఇంటి వరకు వస్తే గదికి ఎంతమంది నిద్రపోతున్నారు, కిటికీల గుండా గాలి ఆడుతోందా, అమ్మగారు టీకాలు సమయానికి వేయించుకుంటున్నారా అన్నవి చూసుకోండి. ఈ మూడూ ఎక్కడున్నా మీ చేతిలోనివే.

సరే, మరి దేన్ని బట్టి ఎంచుకోవాలి? మా వృత్తిలో వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రజ్ఞుడి పేరు తరచు వినబడుతుంది. దక్షిణ జర్మనీలోని ఊళ్ళను పరిశీలించి అతను 1933లో చెప్పిన సంగతి నిజానికి చాలా మామూలుది: ఏ సేవ అయినా నిలదొక్కుకోవాలంటే దానికి కొంత కనీస జనాభా కావాలి, దాని కోసం జనం ప్రయాణించడానికి ఇష్టపడే దూరానికీ ఒక హద్దు ఉంటుంది. ప్రాథమిక పాఠశాలకు కొద్ది వందల కుటుంబాలు చాలు. గుండె రక్తనాళాల్లోకి స్టెంటు వేయగల ల్యాబు, దాన్ని రాత్రింబగళ్ళు నడిపే నిపుణులు ఉండాలంటే లక్షల జనాభా కావాలి. పల్లెలో అవి లేకపోవడం ఎవరి నిర్లక్ష్యమూ కాదు, లెక్క అలాంటిది. కనుక నేను నగరం, పట్టణం, పల్లె అన్న మాటలను పక్కన పెట్టి ఒక కాగితం మీద గంటలూ నిమిషాలూ రాయమంటాను: ఆసుపత్రికి ఎంతసేపు, ఆఫీసుకు ఎంతసేపు, బడికి ఎంతసేపు, అర్ధరాత్రి పిలిస్తే మనిషి రావడానికి ఎంతసేపు. అవి కూడా మంచి రోజు లెక్కలు కాకూడదు. కుండపోత వానలోనూ, పండగ రద్దీలోనూ పట్టే సమయం రాసుకోవాలి.

మీ విషయంలో ఆ కాగితం మీద మొదటి వరుస అమ్మగారిదే. తీవ్రమైన గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని స్టెంటుతో తెరవడం మేలైన చికిత్స. రోగ నిర్ధారణ జరిగిన 120 నిమిషాలలోపు అది సాధ్యం కాదనుకుంటే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ముందు ఇచ్చి తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపడం వైద్యులు పాటించే పద్ధతి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతానికైతే అలాంటి ఇంజెక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల గడువు ఉంటుంది, ముందు స్కాన్ తీసి రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. ఈ మాటల్లో చిన్న పట్టణానికి ఒక గట్టి ఊరట ఉంది. అక్కడి ఆసుపత్రిలో స్టెంటు వేయలేకపోయినా, ఈసీజీ తీసి చదవగల డాక్టరు రాత్రి డ్యూటీలో ఉండి, ఆ ఇంజెక్షన్ నిల్వలో ఉంటే, మొదటి ప్రమాదం గట్టెక్కే అవకాశం బాగానే ఉంటుంది. వెళ్ళి అడగండి. "మీ దగ్గర కార్డియాలజిస్టు ఉన్నారా" అంటే అందరూ ఉన్నారనే చెబుతారు, వారానికి ఒకపూట వచ్చి పోయేవారిని కూడా కలిపి. "నిన్న రాత్రి రెండు గంటలకు ఇక్కడ ఎవరున్నారు" అని అడగండి.

ఈ ప్రశ్న నేను అనుభవం మీద నేర్చుకున్నాను. మేము పల్లెలో ఉన్న రెండో ఏడు, ఒక రాత్రి రెండు దాటాక లేచి చూస్తే మా మామగారు మంచం అంచున కూర్చుని, ఎడమ చేయి రొమ్ముకు అదిమి పట్టుకుని, "ఏమీ లేదు, పడుకోండి" అంటున్నారు. మెడ వెనక చొక్కా చెమటతో అతుక్కుపోయి ఉంది. మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ మేడ మెట్లలో పైమెట్టు మీద మాత్రమే అందేది. నేను అక్కడ నిలబడి అంబులెన్సుకు దారి చెబుతుండగానే, వరండాలో దీపం వెలగడం చూసి ఇద్దరు పొరుగువాళ్ళు వచ్చేశారు. వాళ్ళలో ఒకాయన వ్యాను తీశాడు, రెండో ఆయన మామగారిని చంటిపిల్లాడిలా ఎత్తి పడుకోబెట్టాడు. పట్టణంలో ఆసుపత్రికి గంటా పది నిమిషాలు పట్టింది, అక్కడి యువ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి తెల్లవారాక నగరానికి పంపాడు. మామగారు బతికారు. అయినా ఆ ఏడాది చివరికి మేము ఆ పట్టణానికే మారిపోయాం, ఆ గంటా పది నిమిషాలను ఇంకోసారి భరించే ధైర్యం మాకు లేదు. కొన్నేళ్ళ తర్వాత నగరంలో నా భార్య స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగినప్పుడు అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. స్ట్రెచర్ లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా దించుతుంటే ఆ నాలుగంతస్తుల్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఈ రెండు రాత్రుల్లో ఏది మెరుగని నన్ను అడిగితే, గుండెజబ్బు మనిషి ఇంట్లో ఉన్నంతకాలం పదకొండు నిమిషాలనే ఎంచుకుంటానని చెబుతాను. కానీ ఆ వ్యాను మనిషిని తలచుకోకుండా చెప్పలేను.

ఇక ఉద్యోగం. రోజూ గంట వెళ్ళి గంట వచ్చేవారికి వారానికి పది గంటలు దారిలో పోతాయి. వారానికి రెండే రోజులు, ఒక్కో వైపు రెండేసి గంటలు ప్రయాణించేవారికి ఎనిమిదే. అంటే మీ ఇప్పటి ఏర్పాటు ప్రకారం, పాత ఉద్యోగి కంటే రెట్టింపు దూరంలో ఉండి కూడా మీరు లాభంలోనే ఉంటారు. కోవిడ్ తర్వాత జనం ఎటు కదిలారో చూసినా ఈ కూడికే కనిపిస్తుంది. అమెరికా నగరాలను పరిశీలించిన అర్జున్ రమణి, నికోలస్ బ్లూమ్ 2021లో గుర్తించిన ప్రకారం, పెద్ద నగరాల నడిబొడ్డు వదిలినవాళ్ళు మారుమూలలకు పోలేదు, చాలామంది అదే నగరపు శివార్లలో దిగారు. మధ్యలో ఖాళీ, చుట్టూ నిండుదనం కాబట్టి వాళ్ళు దాన్ని డోనట్ ఆకారంతో పోల్చారు. ఇంటి నుంచి పని పూర్తిగా పోతుందని కూడా నేను అనుకోవడం లేదు. చైనాకు చెందిన ట్రిప్ డాట్ కామ్ సంస్థలో 1,600 మందికి పైగా ఉద్యోగులతో జరిపిన ప్రయోగంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ళ పనితీరు తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. యజమానికి లాభసాటిగా ఉన్నది అంత తేలిగ్గా పోదు.

అయితే ప్రయోగం ఒకటి, మీ యజమాని బుద్ధి ఇంకొకటి. రేపు అయిదు రోజులూ రమ్మంటే ఆ రెండు గంటల దారి వారానికి ఇరవై గంటలవుతుంది, దాన్ని ఏ మనిషీ ఏళ్ళ తరబడి భరించలేడు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఈ ఉద్యోగమే పోతే రెండోది ఎక్కడ దొరుకుతుందన్నది. కొత్త కొలువు సంగతి మనకు ఎక్కువగా దగ్గరివాళ్ళ నోట కాక అంతంతమాత్రం పరిచయస్తుల ద్వారా తెలుస్తుందని మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 1973లోనే చెప్పాడు. పల్లెలో మనిషికి చుట్టరికం లాంటి దగ్గరితనం దొరుకుతుంది, ఈ అరకొర పరిచయాలు దొరకవు. నలభైల్లో ఉన్న ఇద్దరు ఉద్యోగులకు ఇది చిన్న విషయం కాదు. మీలో ఒకరి పని అయినా ఊరితో సంబంధం లేనిదై ఉంటే తప్ప ఇద్దరి జీతాలనూ ఒకే దూరపు నగరానికి కట్టి ఉంచకండి.

అమ్మాయి గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే బడి నాణ్యత ఊరి పరిమాణాన్ని బట్టి కంటే ఆ బడిని బట్టే ఉంటుంది. ఒక్కటి మాత్రం చూడండి: ఆమె తనంతట తాను, మిమ్మల్ని బతిమాలకుండా వెళ్ళగల చోట్లు ఎన్ని ఉన్నాయి? ఆరేళ్ళ పిల్లకు పల్లె స్వర్గం. పన్నెండు దాటిన పిల్లకు బస్సు లేని పల్లెలో స్నేహితురాలి ఇల్లు, ఆటస్థలం, ట్యూషను అన్నింటికీ తల్లో తండ్రో డ్రైవరు కావాల్సిందే, ఆఫీసు ప్రయాణం తగ్గి మిగిలిన గంటలు అక్కడ ఖర్చవుతాయి.

పల్లె గురించి ఊహలు ఎక్కువ, పరీక్షలు తక్కువ కాబట్టి అక్కడి నీరు, గాలి, కరెంటు గురించి కొంచెం ఆగి చెప్పాలి. బావి నీరో బోరు నీరో తాగాల్సి వస్తే కొనడానికి ముందే ల్యాబుకు పంపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాము, నైట్రేటు 50 మిల్లీగ్రాములు మించకూడదు. ఈ మూడింటికీ రంగూ రుచీ ఉండవు. కాచి తాగుతాంలే అనుకుంటారు చాలామంది. కాచడం సూక్ష్మజీవులను చంపుతుందే గానీ వీటిని తీసేయదు, నీరు ఆవిరైన కొద్దీ ఇవి మరింత చిక్కబడతాయి కూడా. మరుగుదొడ్డి గుంత ఎక్కడుందో, పొరుగువాళ్ళది ఎక్కడుందో అడగడానికి మొహమాటపడకండి. గాలి సంగతి కూడా అంతే. సూక్ష్మ ధూళి ఏడాది సగటు పరిమితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఘనపు మీటరుకు 10 నుంచి 5 మైక్రోగ్రాములకు తగ్గించింది. రోడ్డు దుమ్మూ వాహనాల పొగా లేని పల్లెలో కూడా కట్టెల పొయ్యిలు, పంట కోశాక పొలాల్లో పెట్టే మంటలు కొన్ని వారాల పాటు ఆ అంకెను ఎక్కడికో తీసుకుపోతాయి. అమ్మగారి గుండెకు ఆ వారాలే ముఖ్యం.

ఇంటర్నెట్ విషయంలో డౌన్‌లోడ్ వేగం చూసి మోసపోకండి. మీ మాటా మీ ముఖమూ అవతలికి చేరేది అప్‌లోడ్ మీద. మంచి నాణ్యతతో ఒక వీడియో కాల్‌కు సెకనుకు మూడు నాలుగు మెగాబిట్లు పోతాయి, మీరిద్దరూ అమ్మాయీ ఒకే వేళ కూర్చుంటే ఎంత కావాలో లెక్కేసుకోండి. ఉపగ్రహ ఇంటర్నెట్ కొనాల్సి వస్తే అది ఏ కక్ష్య నుంచి వస్తుందో అడగండి. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలతో సంభాషణ సాఫీగానే సాగుతుంది, 35,786 కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చేదైతే మీ ప్రశ్నకు జవాబు అరసెకను ఆలస్యంగా వస్తుంది, మీటింగులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ ఒకేసారి ఆగిపోతుంటారు.

ఈ మూడింటి మధ్య ఊగిసలాట మీతో మొదలైంది కాదు. ఎబెనెజర్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన 1898లోనే మూడు అయస్కాంతాల బొమ్మ గీశాడు: ఒకటి నగరం, ఒకటి పల్లె, మూడోది రెంటి మంచినీ కలిపిన ఉద్యానపురం. 1903లో లెచ్‌వర్త్ అనే ఊరు ఆ ఊహ ప్రకారమే మొదలైంది. చిన్న పట్టణమంటే ఆ మూడో అయస్కాంతమే అని జనం అనుకుంటారు. నా అనుభవంలో చిన్న పట్టణాలు రెండు రకాలు. చుట్టూ యాభై పల్లెలకు ఆసుపత్రీ, కాలేజీ, సంతా, బస్‌స్టాండూ తానే అయిన పట్టణం ఒకటి. దాని జనాభా చిన్నదైనా అది మోసే బరువు పెద్దది, అందుకే సేవలు నిలబడతాయి. పెద్ద నగరానికి మరీ దగ్గరగా ఉండి, ప్రతి అవసరానికీ జనం అక్కడికే పరుగెత్తడం వల్ల తనకంటూ ఏమీ పెరగని పట్టణం రెండోది. అక్కడ నగరపు అద్దెలూ పల్లె సౌకర్యాలూ దొరుకుతాయి. ఈ రెండింటినీ పటం మీద చూసి వేరు చేయలేరు. సాయంత్రం ఆరింటికి బస్‌స్టాండులో గంటసేపు కూర్చోండి. చుట్టూ ఊళ్ళవాళ్ళు పనులు ముగించుకుని ఈ పట్టణం నుంచి ఇళ్ళకు పోతుంటే అది మొదటి రకం. పట్టణం వాళ్ళే నగరం నుంచి అలసిపోయి దిగుతుంటే రెండోది.

మీరు చెప్పిన వివరాలను బట్టి నా అభిప్రాయం ఇది: నగరం నుంచి గంటన్నర దాటని దూరంలో ఉన్న మొదటి రకం పట్టణం చూసుకోండి. అమ్మగారి ఆరోగ్యం ఇలా ఉండగా పల్లెకు వద్దు. అది అమ్మాయి చదువు ముగిశాక, మీ యాభైల్లో, మీకోసం మీరు అడగవలసిన ప్రశ్న. పట్టణంలోనూ వెంటనే కొనకండి. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు, కొనడమూ అంతే. ఫ్లాటును అద్దెకిచ్చి, అక్కడ అద్దెకు దిగి, ఒక ఏడాది, తప్పకుండా ఆ ప్రాంతంలో అతి కష్టమైన రుతువును కలుపుకుని ఉండండి. నగరం ఒకసారి వదిలి ఇల్లు అమ్మేసినవాళ్ళు మళ్ళీ అదే వీధిలో కొనగలిగిన సందర్భాలు నేను పెద్దగా చూడలేదు.

ఆ ఏడాది ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. నా సలహా మీద అలా చేసిన ఒక కుటుంబం తమ పుస్తకం నాకు చూపించారు. "మంగళవారం: 11.20కి కరెంటు పోయింది, 2.05కి వచ్చింది, ఇన్వర్టరు 1.40కే చేతులెత్తేసింది. గురువారం: పిల్లాడి జ్వరానికి డాక్టరు పది నిమిషాల్లో చూశారు. శనివారం: వారమంతా ఎవరితోనూ అయిదు నిమిషాలకు మించి మాట్లాడలేదు." మూడో వాక్యం కింద ఇల్లాలు పెన్సిలుతో రెండు గీతలు గీసింది. వాళ్ళు పదో నెలలో నగరానికి తిరిగి వెళ్ళిపోయారు, పోగొట్టుకున్నది లారీ కిరాయి మాత్రమే.

మీ ప్రశ్నలో అమ్మగారి జబ్బు ఉంది గానీ ఆవిడ అభిప్రాయం లేదు. ఆవిడను అడగండి. డెబ్బై రెండేళ్ళ మనిషికి పరిచయమైన ఫార్మసీ కుర్రాడూ, తన పేరు తెలిసిన నర్సూ, రోజూ నడిచే దారీ మీరనుకునేదానికంటే పెద్ద ఆస్తులు. ఆవిడ సరేనంటే, అద్దె కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఒక రాత్రి మీరిద్దరూ ఆ పట్టణానికి వెళ్ళండి. రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచి, ఆ ఇంటి గుమ్మం నుంచి ఆసుపత్రి అత్యవసర విభాగం తలుపు దాకా కారు నడిపి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. లోపలికి వెళ్ళి, డ్యూటీలో ఎవరున్నారో చూసి రండి.